చేయి పెట్టిన ఇల్లు

ఆ ఏడు వానలు మొదలైన నాలుగోనాడు మా అక్క పోయింది. పోయింది అన్నయ్య ఇంట్లో. మా ఇంట్లో ఉండాల్సిన మనిషి అన్నయ్య ఇంట్లో ఎందుకు పోయిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది. అయినా చెబుతాను. నేను బట్టలు కుట్టే మనిషిని. తప్పుగా పడిన కుట్టు విప్పకుండా దానిమీద ఇంకో కుట్టు వేస్తే గుడ్డ ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఒకటి కాదు, రెండు వేశాను.

మావాళ్ళకి గుడి లేదు, గ్రంథం లేదు. దారి ఉంది. మనిషి పోయాక ప్రాణం ముందుకి పోదనీ, వెనక్కి నడుస్తుందనీ మా నమ్మకం. ఆఖరున ఉన్న ఇంటినుంచి లేచి, అంతకుముందు ఉన్న ఇంటికి, దానికి ముందు ఉన్నదానికి, అలా ఒక్కో గడపా ఎక్కి దిగుతూ పుట్టిన ఇంటికి చేరాలి. అక్కడినుంచి నీళ్ళదారి. ఆ నీళ్ళకి అవతల ఏముందని చిన్నప్పుడు అడిగితే, "వెళ్ళినవాళ్ళు ఉత్తరం రాయలేదే" అనేది అక్క.

ప్రాణానికి దిక్కు తెలియదు. అందుకని దారి చెప్పేవాడు శవం పక్కన కూర్చుని దానితో పాటు నడుస్తాడు. కళ్ళు మూసుకుని, కూర్చున్నచోటే పాదాలు కదుపుతూ, ఒక్కో ఇంటి దగ్గరా ఆగి చెబుతాడు. ఇది నీ చేయి పెట్టిన ఇల్లు. ఇక్కడ ఇన్నాళ్ళున్నావు. ఇందుకు వదిలావు. ఇంక ఇక్కడ నీకు పని లేదు, లే. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇళ్ళు లెక్కలోకి రావు. చేయి పెట్టిన ఇల్లంటే, ఆ ఇంటి పనిలో నీ చేయి పడి ఉండాలి. వదిలిన కారణం నిజమైనదై ఉండాలి. అబద్ధం చెబితే ప్రాణం నమ్మదు, అక్కడే ఆగి వెతుక్కుంటుంది. ఇక ఒక ఇల్లు మొత్తంగా దాటవేస్తే అంతే సంగతులు. ఆ గడప దగ్గరే ఉండిపోతుంది, లోపలికి రాలేదు, బయటికి పోలేదు. అలాంటివాళ్ళని గడపమనిషి అంటాం. వానల్లో పోయినవాళ్ళకి వానలు ఆగేదాకా గడువు. ఆపైన నీళ్ళదారి ఎండిపోతుంది.

ఇదంతా నువ్వు నమ్ముతావా అంటారేమో. ఎండ కాస్తున్నప్పుడు సగం నమ్ముతాను. వాన పడుతున్నప్పుడు మొత్తం నమ్ముతాను. ఆ ఏడు వాన వదల్లేదు.

మా పేటలో దారి చెప్పేది రిటైరైన బస్సు కండక్టర్. చిన్నా పెద్దా అందరూ కండక్టర్ బాబాయ్ అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళు బతికున్నవాళ్ళని ఎక్కించి దించాడు, ఇప్పుడు ఇది. ఒకసారి ఎవరో ముసలాయనకి దారి చెబుతూ, రెండో ఇల్లు దాటగానే అలవాటుకొద్దీ "రైట్ రైట్" అనేశాడట. ఏడుస్తున్నవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారట. ఆ ముసలాయన మాత్రం ఠంచనుగా చేరాడు, మూడోరోజుకే కూతురి కలలో వీపు కనిపించింది. మాలో అదే గుర్తు. పోయినవాళ్ళు కలలో ముఖం చూపిస్తే ఇంకా దారిలో ఉన్నట్టు. వీపు చూపిస్తే చేరినట్టు.

అక్కని చాప మీద పడుకోబెట్టారు. రేకుల మీద వాన ఒకటే మోత. గదిలో పదిమందిమి ఒకళ్ళ మోకాళ్ళ మీద ఒకళ్ళం కూర్చున్నాం. కండక్టర్ బాబాయ్ దారం అడిగాడు, నా సంచిలోంచి రీలు తీసి ఇచ్చాను. ఒక్కో ఇంటికీ ఒక్కో ముడి వేసుకుంటాడు, దారి తప్పకుండా.

"ఆఖరున ఈ ఇల్లు," అంటూ ముడి వేశాడు. "ఇక్కడ చేయి పెట్టిందా?"

"పెట్టకపోవడమేంటి బాబాయ్," అంది వదిన ముక్కు చీదుతూ. "మంచంలో కూర్చుని కూడా కూరలు తరిగిపెట్టేది. వద్దంటే వినేదా?"

"దీనికి ముందు?"

అన్నయ్య నా వైపు చూశాడు. "చెల్లి ఇంట్లో..." అని మొదలుపెట్టాడు.

"మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చింది బాబాయ్," అన్నాను. "దీనికి ముందంటే మిల్లు క్వార్టర్సే."

కండక్టర్ బాబాయ్ తలెత్తాడు. "ఎన్నాళ్ళుంది మీ ఇంట్లో?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు చుట్టపుచూపా! పని ఏమైనా చేసేదా?"

"ఏ పనీ చేయనివ్వలేదు బాబాయ్. కూర్చోబెట్టి చూసుకున్నాం."

ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో నా నోట్లోంచి! ఎవరో వెనకనుంచి "అదృష్టవంతురాలు" అన్నారు కూడా. అన్నయ్య తలొంచుకున్నాడు. వదిన నన్ను ఒక్క క్షణం చూసి, చెంబు తీసుకుని నీళ్ళకి లేచింది. మా వదినకి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఏమీ అనకుండా లేచి వెళ్ళింది.

"లే తల్లీ," అని కండక్టర్ బాబాయ్ మొదలుపెట్టాడు. "ఇది నీ తమ్ముడి ఇల్లు. నీ చేయి పెట్టిన ఇల్లు. ఎనిమిది నెలలున్నావు. ఊపిరి ఆగి వదిలావు. ఇంక ఇక్కడ నీకు పని లేదు, లే." ఆయన పాదాలు కదిలాయి. కదిలినవి ఉన్నట్టుండి ఆగాయి. కళ్ళు మూసుకునే ఉన్నాడు, కాలి వేళ్ళు మాత్రం నేలని వెతుకుతున్నాయి. చాలాసేపటి తర్వాత గొంతు సవరించుకుని, "ఇది మిల్లు గది," అన్నాడు. మిల్లు మూసేశారు కాబట్టి వదిలావు. నూనెకొట్టు వెనక గది, కప్పు కూలింది కాబట్టి వదిలావు. పుట్టిన ఇల్లు, అమ్మ పోయింది కాబట్టి వదిలావు. అంతా అయ్యాక వేడినీళ్ళు అడిగి కాళ్ళు కడిగించుకున్నాడు. ఎప్పుడూ అంత అలసిపోయేవాడు కాదని పక్కావిడ నాతో అంది.

చుట్టమట! అమ్మ పోయేనాటికి అక్కకి పదిహేనేళ్ళు, అన్నయ్యకి తొమ్మిది, నాకు నాలుగు. నాన్న సంగతి అడక్కండి, ఆయన బతికుండగానే దారి పట్టాడు. అక్క మిల్లులో చేరి మమ్మల్నిద్దర్నీ పెంచింది. పెళ్ళి మాట ఎత్తితే, "మీ ఇద్దరూ చాలరూ నా ప్రాణం తీయడానికి" అనేది. నాకు కుట్టుమిషన్ కొనిపెట్టింది కూడా ఆవిడే. ముప్ఫై ఏళ్ళు దూది పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. మిల్లు మూసేశాక ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించనే లేదు, పెట్టె పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

మాది రెండు గదుల ఇల్లు. ముందుగది దుకాణం, వెనకగది కాపురం. వచ్చిన మర్నాడే కిటికీ కింద పీట వేసుకుని, "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది, ఏదో ఒకటి పడెయ్యవే" అంది. కాజాలు కుట్టమని చొక్కాలు ఇచ్చాను. మిల్లులో తెగిన పోగులు అతికిన వేళ్ళు అవి. మిషన్ మీద నేను వేసే కాజాలు రెండు ఉతుకులకే పోగులు లేస్తాయి. అక్క చేతి కాజా అంచు చూస్తే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో దొరకదు. ఆ నాలుగు నెలల్లో నా దుకాణం గడప దాటిన ప్రతి చొక్కాకీ కాజాలు ఆవిడవే. నేను కూర్చోబెట్టింది నిజం. చూసుకున్నది మాత్రం ఆవిడ.

దగ్గు అంటుకునేది కాదని డాక్టరు చీటీ రాసిచ్చాడు. చీటీ డబ్బాలో ఉంది, దగ్గు దుకాణంలో ఉంది. గిరాకీ వచ్చినప్పుడు అక్క దగ్గితే నాకు ఒళ్ళు ముడుచుకుపోయేది. ఒకావిడ కొలతలు ఇస్తూ కిటికీ వైపు చూసింది. చూసింది, అంతే, ఏమీ అనలేదు. ఎవ్వరూ ఏమీ అనలేదు. అంటారేమోనని నేనే ముందుగా భయపడి చచ్చాను. అంతలో స్కూలు యూనిఫారాలు మొత్తంగా నాకే ఇస్తారన్న మాట వచ్చింది. స్కూలు గుమాస్తా సోమవారం వచ్చి దుకాణం చూసి వెళ్తానని కబురు పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ అన్నాను. "అక్కా, ఇంటికి సున్నం వేయిద్దామనుకుంటున్నాం. ఆ ఘాటు నీకు పడదు. ఓ పదిరోజులు అన్నయ్య దగ్గరుండి రాకూడదూ?"

అక్క దారం పళ్ళతో తెంపింది. గోడల వైపు ఓసారి చూసింది. "ఎప్పుడు మొదలుపెడతారు?"

"సోమవారం."

"అయితే ఆదివారం వెళ్తాలే. ఈ పన్నెండు చొక్కాలూ అయిపోతాయి ఈలోగా. లేకపోతే నీకు ఆలస్యమవుతుంది."

ఆదివారం పొద్దున పెట్టె సర్దుకుంది. చేతిసంచీ చాలదా, పదిరోజులకి పెట్టె ఎందుకు అని నేను అడగలేదు. ఆవిడ కూడా చెప్పలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకుని నిలబడింది, ఆయాసం వచ్చి ఆగింది. గుమాస్తా ఒకరోజు ముందే ఊడిపడతాడేమోనని నాకు కాలు నిలవలేదు. "బయలుదేరక్కా, బస్సు వెళ్ళిపోతుంది," అన్నాను. బయలుదేరింది.

సోమవారం గుమాస్తా వచ్చాడు, యూనిఫారాల పని నాకే దక్కింది. సున్నం మాత్రం వేయించలేదు. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు, నోరు తక్కువ మనిషి. నెల తర్వాత ఓరోజు గోడలకేసి చూస్తూ, "సున్నం అన్నావట?" అన్నాడు. "చూద్దాంలే," అన్నాను. అక్క ఫోన్లో రెండుసార్లు అడిగింది, సున్నం అయిందా అని. మొదటిసారి మేస్త్రీ దొరకలేదన్నాను. రెండోసారి ఏమన్నానో గుర్తులేదు. మూడోసారి ఆవిడ అడగలేదు.

అదీ మా ఇల్లు వదిలిన కారణం. దాన్ని పదిమందిలో, వదిన ముందు, శవం పక్కన కూర్చుని చెప్పమంటే ఎక్కడినుంచి చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. చించుకోలేదు, చుట్టమని దాటవేశాను. చచ్చినావిడకి ఏం తెలుస్తుందిలే అని ఆ పూట అనుకున్నాను. మేం ఇల్లు చేరేసరికి వాన తెరిపిచ్చి కాస్త ఎండ కూడా వచ్చింది.

పదిరోజులు గడిచాయి. వాన మళ్ళీ పట్టుకుంది. ఎవరికీ వీపు కనిపించలేదు. అన్నయ్య కలలో అక్క ఏదో అడగబోతున్నట్టు ముఖం పెట్టిందట. పక్కావిడ కలలోనూ ముఖమే. మావాళ్ళు రోడ్డు మీద ఎదురైతే బాగున్నావా అని అడిగినట్టే "వీపు కనిపించిందా?" అని అడుగుతారు. ఆ రోజుల్లో నేను కూరగాయలకి వెళ్ళాలన్నా సందులు తిరిగి వెళ్ళేదాన్ని.

ఓ సాయంత్రం వదిన గొడుగు విదిలించుకుంటూ దుకాణంలోకి వచ్చింది. "ఏమ్మా, నీకైనా కనిపించిందా? నిన్ను పెంచిన చేతులు కదా, నీకే ముందు కనిపించాలి. రోజూ ముఖమే నాకు. కూర్చుని ఏదో కుడుతూ ఉంటుంది. చెల్లెలి దగ్గర కూర్చుంది కాబోలు అనుకుంటాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇక్కడెందుకుంటుంది వదినా!" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. సర్దుకుని, "నాకు కనిపించింది," అన్నాను.

"ఏంటి, వీపా?"

"ఊఁ. మొన్న తెల్లవారుజామున. నీళ్ళలోకి దిగుతోంది. వెనక్కి తిరగలేదు."

వదిన అక్కడే బల్లమీద కూలబడి భోరున ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "చల్లని మాట చెప్పావమ్మా. నేను సరిగ్గా చూశానో లేదో, మందు వేళకి ఇచ్చానో లేదో, అందుకే చేరలేదేమోనని నాలో నేను కుమిలిపోతున్నా." వదిన గయ్యాళిదని పెళ్ళయిన కొత్తలోనే నేను ముద్ర వేసేశాను. ఎనిమిది నెలలు నా అక్కకి మందూ మాకూ చూసి, ఒళ్ళు తుడిచి, తప్పు తనదేమోనని కుమిలిపోయింది ఆవిడ. తప్పు చేసిన నేను ఆవిడకి మంచినీళ్ళిచ్చి ఓదార్చాను. మర్నాటికల్లా పేటంతా "చేరిందట, చేరిందట" అని చెప్పుకుంది, ఆపైన ఎవరూ అడగడం మానేశారు.

అదీ రెండో కుట్టు. ఇక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మిషన్ తొక్కడమే నా పని. దుకాణం గడప దాటేటప్పుడల్లా కాస్త పక్కకి జరిగి దాటేదాన్ని. ఎందుకు జరుగుతున్నావని మా ఆయన అడగలేదు, ఆయనా జరిగే దాటేవాడు.

వానలు చివరికొస్తున్న రోజుల్లో ఒకావిడ వచ్చింది. మావాళ్ళ మనిషి కాదు, పోయినేడే బస్టాండు వైపు కాపురానికి వచ్చినావిడ. కవరులోంచి కూతురి యూనిఫారం చొక్కా తీసి బల్లమీద పరిచింది. కాలరు చిరిగింది, చంకలు పోయాయి, రంగు వెలిసింది. "ఇది పోయినేడు మీ దగ్గరే కొన్నాను. చొక్కా మొత్తం పోయింది గానీ కాజాలు చూడండి, ఒక్క పోగు లేవలేదు! ఈ ఏడు మీరిచ్చినవి రెండు నెలలకే నోళ్ళు తెరిచాయి. మళ్ళీ ఇలాగే కుట్టించండి." నేను ఏదో సణిగాను. ఆవిడ వదల్లేదు. "కిటికీ దగ్గర ఒకావిడ కూర్చునేది కదా, ఆవిడేనా కుట్టింది? మీ పనిమనిషా?"

"మా అక్క."

"అలాగా! చూడ్డానికి వచ్చి పాపం మీకు పని చేసిపెట్టిందన్నమాట."

"లేదండీ," అన్నాను. "ఇక్కడే ఉండేది."

ఆవిడ సరేనని కొలతలు ఇచ్చింది, నేను రాసుకున్నాను. ఆవిడ వెళ్ళాక సుద్దముక్క బల్లమీద పెట్టాను. తర్వాత తలుపు దగ్గరగా వేసి కండక్టర్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చుని గొడుగు కమ్మీకి దారం చుడుతున్నాడు. "రా అమ్మాయీ, తడిసిపోయావే. గొడుగు లేదా? ఇది బాగయ్యాక ఇస్తాలే, వచ్చే ఏడుకి అవుతుంది."

"బాబాయ్, దారి మళ్ళీ చెప్పొచ్చా?"

"ఎవరికి?"

"అక్కకి."

"నీకు వీపు కనిపించిందన్నారు?"

"కనిపించలేదు."

ఆయన గొడుగు పక్కన పెట్టాడు. "ఊఁ. ఇంకా?"

"అక్క మా ఇంట్లో చుట్టం కాదు."

"అది నాకు ఆ రోజే తెలుసమ్మా. మిల్లు వైపు అడుగు పడలేదు నాకు, నేలే దొరకలేదు. ముప్ఫై ఏళ్ళ కండక్టర్ని, టిక్కెట్టు తీసుకోనివాడి ముఖం గుర్తుపట్టలేనా? శవం ఇంట్లో గొడవెందుకని చూసీచూడనట్టు ఊరుకున్నాను. అలా ఊరుకోకూడదు. నా తప్పూ ఉంది ఇందులో."

"ఇప్పుడేం చేయాలి?"

"ఆ రోజు విన్నవాళ్ళందరూ రావాలి. మీ ఇంట్లోనే చెప్పాలి. కారణం మాత్రం నేను చెప్పకూడదు, నువ్వే చెప్పాలి."

"అందరి ముందా?"

"మరి? నలుగురి ముందు ఆడిన అబద్ధం నా ఒక్కడి చెవిలో విప్పితే చెల్లుతుందా?" ఆయన చూరు వైపు చూశాడు. నీళ్ళు ధారగా పడటం మానేసి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. "సన్నబడింది. రేపు పొద్దున్నే పెట్టుకుందాం. ఎల్లుండి దాకా వాన నిలుస్తుందన్న ధైర్యం నాకు లేదు."

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ విన్నాడు. "నాకు తెలుసు," అన్నాడు. "సున్నం బస్తా కూడా కొనలేదు కదా మనం."

"తెలిస్తే నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఆపాల్సి వచ్చేది." అని, చొక్కా కొక్కేనికి తగిలించి, "నాకూ ఆ దగ్గు కష్టంగానే ఉండేది," అన్నాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోవడం అదే మొదలు.

పొద్దున్నే అందరూ వచ్చారు. మిషన్ని గోడకి జరిపి చాపలు వేశాను. ఒకసారి చేరిందన్న మనిషికి మళ్ళీ దారేమిటని గుసగుసలు. వదిన నా పక్కనే, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది, నాకు తోడుగా అనుకుని. బయట చూరు కింద వాన తగ్గేదాకా ఆగిన ఇద్దరు గిరాకీలు కూడా తొంగి చూస్తున్నారు. వాళ్ళని పొమ్మనలేదు. పొమ్మనడం ఆ ఇంట్లో అప్పటికే ఎక్కువైంది.

కండక్టర్ బాబాయ్ కొత్త దారం తీసుకుని ఐదు ముడులు వేశాడు. పదిమందీ ఆ ముడులు లెక్కపెట్టుకున్నారు. అన్నయ్య ఇంటినుంచి బయలుదేరి, పాదాలు కదుపుతూ వచ్చి, ఆగాడు. కళ్ళు తెరవకుండానే, "ఇది ఎవరి ఇల్లు?" అన్నాడు.

"నాది," అన్నాను. "మా అక్క చేయి పెట్టిన ఇల్లు. నాలుగు నెలలుంది. దుకాణంలో ప్రతి చొక్కాకీ కాజాలు కుట్టింది. చుట్టమని నేను చెప్పింది అబద్ధం."

"ఎందుకు వదిలింది?"

"నేను పంపించేశాను."

"పూర్తిగా చెప్పమ్మా. ఆవిడ నిలబడి ఉంది."

"దగ్గుతోందని. గిరాకీ పోతుందని. అంటుకోదని డాక్టరు చెప్పినా, ఎవరూ ఏమీ అనకపోయినా, అంటారేమోనని. ఇంటికి సున్నం వేయిస్తున్నామని అబద్ధమాడి పంపించాను. వేయించలేదు. వేయించాలని ఎప్పుడూ అనుకోలేదు." ఊపిరి తీసుకుని మిగిలింది కూడా చెప్పాను. "వీపు కనిపించిందన్నదీ అబద్ధమే. నాకు కలే రాలేదు."

వదిన మోకాలు నా మోకాలినుంచి మెల్లగా పక్కకి జరిగింది.

"వీపు కూడా అబద్ధమేనా?" అంది.

"అవును వదినా."

"ఛీ," అంది. అంతే అంది. నాలుగు దులిపేస్తుందని కాచుకుని ఉన్నాను, ఆ ఒక్క అక్షరానికి సిద్ధంగా లేను. కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టు, "ఆవిడ నాతో ఒక్కనాడూ అనలేదే," అంది. "మిషన్ చప్పుడుకి నిద్రపట్టక నేనే వచ్చేశానమ్మా అంది. నేను నమ్మాను."

ముప్ఫై ఏళ్ళు మిల్లు చప్పుడులో నిద్రపోయిన మనిషి! సున్నం మాట నేను ఎత్తిన శుక్రవారమే ఆవిడకి అంతా తెలుసు. తెలిసే పెట్టె సర్దుకుంది. తెలిసే ఫోన్లో సున్నం అయిందా అని అడిగింది, రమ్మనడానికి నాకో దారి ఇద్దామని. అన్నయ్య గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చూరు కింద గిరాకీలు ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు.

"ఇప్పుడు ఇంటామె మాట కావాలి," అన్నాడు కండక్టర్ బాబాయ్. "కారణం ఆవిడ వినేసింది. ఇక నీ నోటితోనే ముందు ఒకసారి ఉండమనాలి. ఆ తర్వాత పంపాలి. మీ వదిన ఆ రోజు నా వెనకాల నిలబడి ఉండమని అంది, నువ్వు విన్నావో లేదో. ఉండమనకుండా పంపితే అది పంపడం కాదు, గెంటడం."

నేను లేచి దుకాణం తలుపులు రెండూ తీశాను. గుమ్మానికి పక్కగా నిలబడ్డాను. వాన ఉందా లేదా అన్నట్టుంది, ఎదురింటి గోడ మీద వెలుతురు వస్తోంది.

"ఉండక్కా," అన్నాను.

అనగానే నాకు తెలిసింది, పుట్టి బుద్ధెరిగాక నేను ఆవిడతో ఆ మాట అనలేదని. ఎప్పుడూ ఆవిడే నన్ను ఉండమనేది. ఆగలేకపోయాను. "ఉండక్కా, ఎక్కడికి పోతావు, ఉండు, కిటికీ దగ్గర చోటుంది, ఉండు..."

"ఒక్కసారే అమ్మా," అన్నాడు కండక్టర్ బాబాయ్ మెల్లగా. ఆయన పాదాలు నేలమీద వణుకుతున్నాయి. "ఎక్కువసార్లు అంటే నిజంగానే ఉండిపోతుంది. పంపు. వాన ఆగిపోతోంది."

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ఎండ వచ్చేలా ఉంది. మా ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. వదిన తల తిప్పుకుంది. చూరునుంచి బొట్టు పడటం, ఇంకో బొట్టు కోసం ఎదురుచూడటం, అలా ఎన్ని పడ్డాయో నాకు తెలియదు.

చివరికి, "బయలుదేరక్కా," అన్నాను.

మొదటిసారి ఆ మాట అనడానికి నాకు ఇంత సేపు పట్టలేదు.